సాధనలో కుదిరే షాట్లు మ్యాచ్‌లో ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను సరదా కోసం టెన్నిస్ ఆడే కుడిచేతి ఆటగాణ్ణి. సాధనలో, ముఖ్యంగా అవతలివారు బంతిని వేగంగా పంపుతున్నప్పుడు, నా ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు వచ్చే బంతిని కొట్టే షాట్) నిలకడగా పడుతుంది. మ్యాచ్‌లో మాత్రం, బలం ఏమీ ఉపయోగించకుండా ప్రతి బంతినీ ఎత్తుగా, మెల్లగా తిరిగి పంపే ఆటగాడు ఎదురైతే, ఆ మెత్తని బంతులనే నెట్‌లోకో బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) అవతలికో కొడుతున్నాను. దీనికి తోడు కీలకమైన పాయింట్ల దగ్గర డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) వస్తున్నాయి. నేను మార్చుకోవలసింది టెక్నిక్‌నా, వ్యూహాన్నా? శిక్షకుడి దగ్గరికి వెళ్లే వీలు ప్రస్తుతం లేదు కనుక సొంతంగా చేసుకోగలిగినవి సూచిస్తే సంతోషిస్తాను.

జవాబు 1

సెకండ్ సర్వ్‌తో, అంటే మొదటిది తప్పినప్పుడు చేసే రెండో సర్వ్‌తో మొదలుపెట్టండి. ఎదుటివారి ప్రమేయం లేకుండా పూర్తిగా మీ అధీనంలో ఉండే షాట్ అదొక్కటే కాబట్టి, ఒంటరిగా సాధన చేసి బాగుచేసుకోవడానికి వీలైనదీ అదే.

ముందుగా గ్రిప్ చూసుకోండి. చాలామంది ఫోర్‌హ్యాండ్ పట్టుతోనే సర్వ్ చేస్తారు. ఆ పట్టులో రాకెట్ ముఖం ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది కనుక బంతిని నెట్టడమే తప్ప, దాని మీద రాకెట్‌ను రాపాడించి తిప్పడం సాధ్యం కాదు. సుత్తిని పట్టుకున్నట్టు ఉండే కాంటినెంటల్ గ్రిప్‌కు మారితే మొదట్లో సర్వ్‌లు ఎడమవైపుకు పోతాయి, చేతికి ఇబ్బందిగానూ ఉంటుంది. అయినా వెనక్కి తగ్గకండి.

రెండోది చేతి వేగం. డబుల్ ఫాల్ట్ భయంతో సెకండ్ సర్వ్‌లో చేయి నెమ్మదించడం సహజం. కానీ నెట్ దాటిన బంతిని 6.40 మీటర్ల లోతున్న సర్వీస్ బాక్సులోకి (సర్వ్ పడవలసిన చోటులోకి) దించేది స్పిన్, ఆ స్పిన్‌ను పుట్టించేది చేతి వేగం. కాబట్టి ఫస్ట్ సర్వ్‌కు ఎంత వేగంగా చేయి తిప్పుతారో సెకండ్ సర్వ్‌కూ అంతే వేగంగా తిప్పి, ఆ శక్తిని బంతిని ముందుకు తోయడానికి కాక కింది నుంచి పైకి, కొంచెం పక్కకు రాపాడించడానికి వాడండి. నెట్ మీద నుంచి బాగా ఎత్తుగా వెళ్లనివ్వండి. టాస్ (సర్వ్ కోసం బంతిని ఎగరేయడం) సరిగా రాకపోతే బంతిని కొట్టకుండా వదిలేసి మళ్లీ ఎగరేసే హక్కు నియమాల ప్రకారం మీకుంది. వినోదం కోసం ఆడేవారు దాన్ని ఎందుకో మొహమాటపడి వాడుకోరు.

జవాబు 2

సర్వ్ గురించి చెప్పినది సరైనదే. అయితే మెత్తని బంతుల సమస్య టెక్నిక్‌ది కాదనీ, మీరు ఎంచుకుంటున్న లక్ష్యాలదనీ నా అభిప్రాయం. బంతి మెల్లగా వచ్చేసరికి దాన్ని అక్కడికక్కడే ముగించాలనిపిస్తుంది. అప్పుడు గీతకు దగ్గరగా, నెట్‌కు ఆనించినట్టుగా, వీలైనంత బలంగా కొట్టడం మొదలవుతుంది.

కోర్టు కొలతలు గుర్తుంచుకుంటే ఎటు కొట్టాలో తేలికగా తెలుస్తుంది. నెట్ ఎత్తు మధ్యలో 0.914 మీటర్లు, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు. కోర్టు పొడవు 23.77 మీటర్లు కాగా, సింగిల్స్ కోర్టులో ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా సుమారు 25.15 మీటర్లు. అంటే క్రాస్‌కోర్ట్ (ఏటవాలుగా ఎదుటి మూలకు) కొట్టినప్పుడు బంతి నెట్ తక్కువ ఎత్తున్న భాగం మీదుగా వెళుతుంది, పడడానికి దాదాపు 1.4 మీటర్ల చోటు అదనంగా దొరుకుతుంది. అంతేకాక క్రాస్‌కోర్ట్ తర్వాత మీరు కోర్టు మధ్యగీత దాకా కూడా రానక్కరలేదు, దానికి కాస్త ఇవతలే నిలబడవచ్చు. డౌన్ ద లైన్ (పక్క గీత వెంబడి నేరుగా) కొడితే మాత్రం మధ్యగీత దాటి అవతలికి పరుగెత్తవలసి వస్తుంది. ర్యాలీలో నెట్‌కు కనీసం ఒక మీటరు పైనుంచి, గీతలకు బాగా లోపల, సర్వీస్ గీతకు (సర్వీస్ బాక్సు చివరి గీతకు) అవతల పడేలా క్రాస్‌కోర్ట్ కొట్టడాన్ని అలవాటు చేసుకోండి.

పాదాల సంగతి కూడా చూడండి. వేగంగా వచ్చే బంతికి పాదాలు వాటంతట అవే కదులుతాయి, మెల్లగా వచ్చే బంతికి ఆగిపోతాయి. ఎదుటివారు బంతిని తాకే క్షణానికి చిన్న గెంతుతో స్ప్లిట్ స్టెప్ వేసి, ఆ తర్వాత చిన్న చిన్న అడుగులతో బంతి వెనక్కి చేరి, అది నడుము ఎత్తున ఉండగానే కొట్టండి. కిందికి జారేదాకా ఆగితే పైకి ఎత్తి కొట్టవలసి వస్తుంది.

పాయింట్ పోయిందని కంగారుపడి తర్వాతి బంతిని మరింత బలంగా కొట్టడం కూడా చాలామందిలో ఉన్నదే. రోజర్ ఫెదరర్ 2024లో డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో మాట్లాడుతూ, తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచినా, పాయింట్లలో గెలిచినవి 54 శాతమేనని చెప్పారు. అంటే అంతటి ఆటగాడు కూడా దాదాపు సగం పాయింట్లు పోగొట్టుకున్నారు.

జవాబు 3

క్రాస్‌కోర్ట్ లెక్కతో ఏకీభవిస్తాను. కానీ ఓపికే పెట్టుబడిగా ఆడేవారిని ఓపికతోనే ఓడించాలనుకోవడం వారికి ఇష్టమైన ఆటను వారితో ఆడడమే అవుతుంది. అటువంటి ఆటగాళ్లలో చాలామందికి నెట్ దగ్గరికి రావడం నచ్చదు. సర్వీస్ గీత లోపల కిందుగా పడే స్లైస్ (బంతి అడుగును కోసినట్టు కొట్టే షాట్) ఒకటి వేసి వారిని ముందుకు రప్పించండి. కింద ఉన్న బంతిని వారు పైకి ఎత్తక తప్పదు కాబట్టి మీకు పక్కనుంచి దాటించడానికో, బ్యాక్‌హ్యాండ్ వైపు (రాకెట్ పట్టని చేతి వైపు) లాబ్, అంటే తల మీదుగా ఎత్తైన బంతి, వేయడానికో సమయం దొరుకుతుంది. బేస్‌లైన్ వెనుక నుంచి డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్) మాత్రం వద్దు. అది పైకి కనిపించేంత సులువు కాదు.

ఎత్తుగా తేలుతూ వచ్చే బంతులను నేల మీద పడనివ్వకుండా ముందుకు నడిచి వాలీ చేయడం మరో దారి. మీరు నెట్ దగ్గరున్నారని తెలిస్తే అంత తీరికగా బంతిని ఎత్తడం వారికీ కుదరదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. నాకు తోడుగా సాధన చేసే మిత్రుడు ఒకరున్నారు. మాకు దొరికే కొద్ది సమయంలో వీటన్నింటినీ ఎలా ఇమడ్చాలి?

జవాబు 2 రాసినవారు

అన్నింటినీ ఇమడ్చవద్దు. ఊరికే బంతులు కొట్టుకోవడం మానేసి, లెక్క పెట్టి ఆడండి. ఏటవాలు సగం కోర్టులోనే, సర్వీస్ గీత దాటి పడితేనే లెక్క అన్న షరతుతో 11 పాయింట్ల ఆటలు ఆడండి. తర్వాత ఒక సెట్‌ను ఇద్దరూ ఒక్కొక్క సర్వ్‌తోనే ఆడండి. అది తప్పితే పాయింట్ పోయినట్టే. మ్యాచ్‌లోని ఒత్తిడి సాధనలోకి వచ్చేది అప్పుడే. జవాబు 3లో చెప్పిన స్లైస్‌ను సెకండ్ సర్వ్ కుదుటపడిన తర్వాత మొదలుపెట్టండి, ఎందుకంటే దానికీ కాంటినెంటల్ గ్రిప్పే కావాలి, అప్పటికి చేయి ఆ పట్టుకు అలవాటుపడి ఉంటుంది.