స్టార్‌లైనర్‌ను నాసా ఇంకా మోయాలా, వదిలేయాలా?

పాతలెక్క: వ్యోమగాములను అంతరిక్ష కేంద్రానికి చేర్చడానికి 2014లో నాసా బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల కాంట్రాక్టులిచ్చింది. తక్కువకు ఒప్పుకున్న స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్ 2020 నుంచి మనుషుల్ని మోస్తోంది. బోయింగ్ నౌక స్టార్‌లైనర్ 2024లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లను అక్కడ దింపి ఖాళీగా తిరిగొచ్చింది. కాంట్రాక్టు అప్పుడే రద్దు చేయాల్సింది.

కక్ష్య: అది ఫిక్స్‌డ్ ప్రైస్ అండీ, అంటే ధర ముందే ఖాయం. పని దశ దాటితేనే డబ్బు. 2019లో నౌక గడియారం 11 గంటలు తేడాగా నడిచి కేంద్రాన్ని చేరలేకపోతే, రెండో పరీక్ష ఖర్చు బోయింగే భరించింది. మొత్తం నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. ఇంతకంటే ఏం శిక్ష వేస్తారు?

పాతలెక్క: ఫిక్స్‌డ్ అయితే, ఒప్పుకున్న ధర మీద బోయింగ్‌కు మరో 28.7 కోట్ల డాలర్లు ఎందుకిచ్చినట్టు? 2019లో నాసా ఖర్చుల్ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరలే తప్పుపట్టారు.

రాత్రిడ్యూటీ: డ్రాగన్ కూడా అదే ఏడాది పరీక్షలో పేలిపోయింది కదా.

కక్ష్య: ప్రయాణాలకు గ్యాప్ వస్తుందన్న భయంతో ఇచ్చారు. ఆ 28 కోట్లనే పట్టుకుని వేలాడకండి. 2011లో నాసా సొంత నౌక షటిల్ ఆగాక తొమ్మిదేళ్లు రష్యా సోయజ్‌లో సీట్లు కొన్నారు. 2025 జూన్‌లో ట్రంప్‌తో గొడవపడి డ్రాగన్‌ను ఆపేస్తానని స్పేస్‌ఎక్స్ అధిపతి మస్క్ అన్నాడు. తర్వాత మాట మార్చుకున్నాడు సరే, నిజంగా ఆపేసుంటే?

పాతలెక్క: నేనో చిన్న సప్లయర్ దగ్గర పనిచేశాను. డెలివరీ ఒక్క వారం ఆలస్యమైతే పెద్ద కాంట్రాక్టరు మా బిల్లులో కోత పెట్టేవాడు. అదే కాంట్రాక్టరు ఏళ్లు ఆలస్యం చేస్తే గడువు పెంచారు. జీతాలు ఆగింది మాకు!

కక్ష్య: మీ కోపం అర్థమైంది. కానీ అది స్టార్‌లైనర్ గురించి కాదు.

పాతలెక్క: దాని గురించే! ఆ 2024 ప్రయాణంలో థ్రస్టర్లు, అంటే నౌకను అటూఇటూ నెట్టే చిన్న ఇంజిన్లు, వేడెక్కి లోపలి టెఫ్లాన్ సీల్ ఉబ్బి ఇంధనం దారి మూసుకుపోయిందని నేల మీది పరీక్షల్లో తేలింది. అయినా సురక్షితమేనంది బోయింగ్. కాంట్రాక్టరు లేకపోతే గడవదనుకునే ప్రభుత్వం అలాంటప్పుడు వద్దని ఎలా అంటుంది?

కక్ష్య: అంది కదా! 2024 ఆగస్టులో సిబ్బంది డ్రాగన్‌లోనే రావాలని నాసా తేల్చేసింది. రెండో నౌక ఉంది కాబట్టే అనగలిగింది. రేపు డ్రాగన్‌లో లోపం బయటపడితే దేన్ని చూసుకుని వద్దంటారు?

వర్ధని: ఇంతసేపూ డబ్బు గురించనుకున్నా. మీ ఇద్దరి భయం ఒకటేనే.

పాతలెక్క: ఒకటి కాదమ్మా. ఎగరని నౌకను రెండోదని లెక్కేయడమే నాకు భయం. 2025 నవంబరులో స్టార్‌లైనర్ ఆరు ప్రయాణాలను నాలుగుకు తగ్గించారు, తర్వాతిది సరుకుతోనేనట. ఆ పని వేరే కంపెనీకి ఇవ్వాలి.

కక్ష్య: కొత్త కంపెనీ నౌక కట్టి నిరూపించేసరికి ఏళ్లు పడుతుంది. 2030 వరకే కేంద్రాన్ని నడుపుతామంటున్నారు. ఈలోపు స్టార్‌లైనర్‌ను సరుకుతో ఎగరనివ్వండి, థ్రస్టర్లు నిలబడితే మనుషుల్ని ఎక్కించండి.

పాతలెక్క: నిలబడకపోతే మళ్లీ గడువు పెంచొద్దు. అది ముందే కాంట్రాక్టులో రాయాలి. ఇక్కడ మాత్రం నేను తగ్గను.