అప్‌డేట్: రెండు కేబుళ్లు కలిపినా స్పీడు పెరగని సర్వర్

చీమకుర్తిలో మా గ్రానైట్ ఆఫీసు సర్వర్‌కి రెండు గిగాబిట్ పోర్టులు కలిపి ఒకే లింకులా బాండ్ చేసినా స్పీడు పెరగట్లేదని, మధ్యమధ్యలో పింగ్ (సర్వర్ అందుతోందో లేదో చూసే పరీక్ష) పోతోందని అడిగాను కదా. దొరికింది. సర్వర్‌లో బాండ్ మోడ్ 4, అంటే ఎల్‌ఏసీపీ (రెండు వైపులా మాట్లాడుకుని పోర్టుల్ని కలిపే పద్ధతి). స్విచ్‌లో మాత్రం ఆ పోర్టుల్ని స్టాటిక్ గ్రూపులో (ఆ మాట్లాడుకోవడం లేకుండా కలిపేది) పెట్టి ఉంచా, తప్పు నాదే. బాండింగ్ స్టేటస్ ఫైల్లో పార్ట్‌నర్ మ్యాక్ (అవతలి స్విచ్ అడ్రస్) అన్నీ సున్నాలే, అంటే స్విచ్ నుంచి ఎల్‌ఏసీపీ జవాబే లేదు. అది చూశాకే బుర్ర వెలిగింది. స్విచ్‌లోనూ ఎల్‌ఏసీపీ యాక్టివ్ చేయగానే పింగ్ కుదురుకుంది.

అయితే ఒక్క పీసీకి కాపీ చేస్తే ఇప్పటికీ 940 మెగాబిట్లే. జవాబుల్లో మీరన్నట్టే, ఒక కనెక్షన్ ఒక తీగ మీదే పోతుంది, రెండింటికీ చీలదు. సర్వర్‌లో హ్యాష్ పాలసీని (ఏ కనెక్షన్ ఏ తీగ మీద పోవాలో తేల్చే నియమం) లేయర్ 3+4కి, అంటే ఐపీ అడ్రస్, పోర్టు నంబర్లను బట్టి పంచేలా మార్చి రెండు పీసీల్లోకి ఒకేసారి లాగితే మొత్తం 1.8 గిగాబిట్లు దాటింది. (ఒకసారి రెండూ ఒకే తీగలో పడి ఏడిపించాయి లెండి.) చివర్లో ఓ కేబుల్ పీకి చూశా, బిల్లింగ్ ఆగలేదు.