వియత్నాం జూనియర్లను నవ్విస్తూ మా వర్సిటీకి పిలవాలి. వీడియోలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

మెల్‌బోర్న్_మిర్చి:
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో మా యూనివర్సిటీ వియత్నాం విద్యార్థి సంఘం వాళ్ల దేశంలోని పన్నెండో తరగతి పిల్లల కోసం 45 సెకన్ల వీడియో, ఒక పోస్టరు చేస్తోంది. "మా దగ్గరికి వచ్చేయండర్రా" అన్నట్టు సరదాగా ఉండాలి. మాటలు వాళ్లు రాస్తారు, డిజైనూ ఎడిటింగూ నావి. నాకు వియత్నామీస్ రాదు. అక్కడి పిల్లలు దేనికి నవ్వుతారు, దేనికి నొచ్చుకుంటారు, అక్షరాల విషయంలో ఏం చూసుకోవాలి? హనోయ్, సైగాన్‌లలో చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

హనోయ్_గోంగూర:
మొదట పిలుపు సరిచూసుకోండి. వియత్నామీస్‌లో "నేను, నువ్వు" అనేవి దాదాపు ఎప్పుడూ వరసలే. వీడియోలో మాట్లాడే అమ్మాయి తనను తాను "చి" (అక్క) అనుకుని, చూసేవాళ్లను "ఎమ్" (తమ్ముడు, చెల్లి) అనాలి. అబ్బాయైతే "ఆన్" (అన్న). అక్కడ "తోయ్" (వరస లేని ఒట్టి "నేను") అన్నారంటే టీవీలో వార్తలు చదువుతున్నట్టు బిగుసుకుపోతుంది, ఎంత మంచి జోకైనా చచ్చిపోతుంది. తల్లిదండ్రులకు వేరే ముక్క చేస్తే వాక్యం చివర "ఆ" తప్పనిసరి. అది అచ్చంగా మన "అండీ".

ఇక నవ్వు. వాళ్లకు "కోన్ ఞా ఙుయ్ తా" అని ఒకడున్నాడు. మాటకు మాట "ఎవరింటి పిల్లాడో" అని అర్థం. మన పక్కింటి శర్మగారబ్బాయే: అన్నిట్లో ఫస్టు, అమ్మకు సాయం చేస్తాడు, ఫోను చూడడు. ప్రతి వియత్నాం పిల్లా వాడితో పోల్పించుకునే పెరుగుతుంది. వీడియో దీని మీదే నడిపించండి: "వాడు ఇక్కడికి రాలేదు. నిన్ను పోల్చడానికి మీ అమ్మకు ఈ ఊళ్లో ఎవరూ దొరకరు." చివర మలుపు: "రెండేళ్లాగు, మీ వీధి పిల్లలకు ఆ పక్కింటి పిల్లవు నువ్వే." ఇదొక్కటి కుదిరితే 45 సెకన్లకు చాలు.

రెండోది పరీక్ష తిండి. "డౌ" అంటే చిక్కుడు, పెసర లాంటి గింజ, పాసవడం కూడా. ఉత్తరాది వాళ్లు "డో" అంటారు, దానికీ అవే రెండు అర్థాలు. అందుకే పరీక్షకు ముందు గింజలు వేసి వండిన స్టికీ రైస్ తింటారు. అరటిపండు ముట్టరు, తొక్క మీద జారతారని: జారడానికీ ఫెయిలవడానికీ ఒకటే మాట. గుడ్డు సున్నాలా ఉంటుంది. స్క్విడ్ అంటే సిరా, సిరా అంటే నలుపు, నలుపంటే దురదృష్టం. హనోయ్ వాన్ మియెవ్ (పాతకాలపు విద్యా మందిరం)లో 82 రాతి శాసనాలు తాబేళ్ల మీద నిలబెట్టి ఉంటాయి. పరీక్షలకు ముందు పిల్లలు వచ్చి ఆ తాబేళ్ల తలలు నిమిరేవాళ్లు, రాయి అరిగిపోతోందని కంచె కట్టారు. మీ క్యాంపస్‌లో ఏదైనా విగ్రహం ఉంటే "దీని తల నిమరొచ్చు, కంచె లేదు" అని ఒక షాట్ తీయండి, చాలామందికి వెంటనే వెలుగుతుంది.

ఉత్తరాది దక్షిణాది యాసల మీద మాత్రం వద్దు. అనాసపండును ఉత్తరాన జువా అంటారు, దక్షిణాన థోమ్ అంటారు అన్నంతవరకు సరదా. మనిషి తీరు మీదికి వెళ్తే కామెంట్లలో కొట్లాటే.

గుణింతం:
అక్షరాల సంగతి. వియత్నామీస్ రాసేది రోమన్ లిపిలోనే అయినా ఒకే అచ్చు మీద రెండు గుర్తులు ఎక్కుతాయి: ఒకటి అచ్చు రకానికి, ఇంకోటి స్వరానికి. మన ఒత్తులూ గుడుల లాగే ఇవి ఊడితే మాట మారుతుంది. "మా" అన్న ఒక్క అక్షరం గుర్తును బట్టి దెయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరి నారు.

ఫ్యాన్సీ ఫాంటుల్లో ఈ గుర్తులున్న అక్షరాలు చాలావాటికి ఉండవు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క అక్షరాన్నీ వేరే ఫాంటులోంచి తెచ్చి అతికిస్తుంది, పోస్టరు అతుకుల బొంతలా కనిపిస్తుంది. "బీ వియత్నాం ప్రో" గానీ "నోటో సాన్స్" గానీ వాడండి, రెండూ ఉచితం. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.4 రెట్లు తగ్గనివ్వకండి. హెడ్డింగు పెద్దక్షరాల్లో పెడితే పై గుర్తులు పైవరస కింది భాగాన్ని తాకుతాయి, అక్కడ ఇంకాస్త ఇవ్వండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంలో గుర్తులు ఒక్కోసారి విడికోడ్లుగా వచ్చి పక్కకు జరుగుతాయి. యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (అక్షరమూ గుర్తూ కలిపి ఒకే కోడు) మార్చుకుంటే అతుక్కుంటాయి. అడ్డగీత ఉన్న డి, లేని డి వేర్వేరు అక్షరాలు. గీత లేనిదాన్ని హనోయ్‌లో "జ" అని, సైగాన్‌లో "య" అని పలుకుతారు.

ఫైనల్ ఇమేజీని ఫోనులో వియత్నాం స్నేహితులిద్దరి చేత బయటికి చదివించండి. కళ్లతో చూస్తే తప్పు దొరకదు, నోటితో చదివితే దొరుకుతుంది.

ఫుట్‌స్క్రే_బాబాయ్:
జోకు ఎక్కడైనా వేయండమ్మా, డబ్బు, వీసా, పని గంటల మీద వద్దు. "పార్ట్‌టైమ్‌తోనే ఫీజు కట్టేయొచ్చు" అని నవ్వుతూ అన్నా, పొలం అమ్మి పంపే ఇంట్లో అది మాటిచ్చినట్టే. ఉన్నది ఉన్నట్టు స్క్రీను మీద రాయండి: తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల వరకే పని. 2024 మే నుంచి వీసాకు ఒక్కరి ఏడాది జీవన ఖర్చు కింద చూపాల్సింది 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు, ఫీజూ ప్రయాణమూ కాక. దరఖాస్తు రుసుము 2025 జులై నుంచి 2,000.

యూనివర్సిటీ తరఫున బయటికి వెళ్లే పోస్టరైతే రిజిస్టరైన పేరు, క్రికాస్ కోడు (విదేశీ విద్యార్థులను చేర్చుకునే సంస్థలకు ప్రభుత్వమిచ్చే నంబరు) ఉండాలి. సంఘం చేసినదైనా ఇంటర్నేషనల్ ఆఫీసుకు చూపించాకే వదలండి.

జెండా వేయకండి. 1975 తర్వాత శరణార్థులుగా ఇక్కడికొచ్చిన కుటుంబాలది మూడు ఎర్ర చారల పసుపు జెండా, ఇప్పుడు వచ్చే పిల్లలది పసుపు నక్షత్రం ఉన్న ఎర్ర జెండా. మెల్‌బోర్న్‌లో ఆ కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫుట్‌స్క్రే, స్ప్రింగ్‌వేల్ కొట్లలో పోస్టరు అంటించాలంటే రెండోది పెద్ద గొడవ. దాని బదులు ఎర్ర ప్లాస్టిక్ స్టూలు, ఫిన్ కాఫీ (వాళ్ల చిన్న ఫిల్టరు కాఫీ) చాలు. మ్యాపు పెడితే తొమ్మిది గీతల సరిహద్దు (దక్షిణ చైనా సముద్రం తనదంటూ చైనా గీసుకున్నది) ఎక్కడా ఉండకూడదు. 2023లో ఆ గీత కనిపించిందని ఒక హాలీవుడ్ సినిమానే అక్కడ ఆపేశారు. ఏడాదికో జంతువు వచ్చే చైనా తరహా రాశుల బొమ్మల్లో కుందేలు వేయకండి, వాళ్ల లెక్కలో అక్కడ ఉండేది పిల్లి.

సూట్‌కేసులో అమ్మ పెట్టిన పంది సాసేజి దాచే జోకు కూడా వద్దు. ఎయిర్‌పోర్టులో ఫారమ్‌లో రాయకుండా మాంసం తెచ్చిన వియత్నాం ప్రయాణికురాలి వీసా 2019లో సిడ్నీలో రద్దు చేశారు.

మెల్‌బోర్న్_మిర్చి:
బాబాయ్ గారూ, గోంగూర గారూ, గుణింతం గారూ, చాలా థాంక్స్. జెండా ఇప్పటికే వేసేశాను, తీసేస్తున్నా. ఇంకొక్కటి: ఎప్పుడు వదలాలి?

హనోయ్_గోంగూర:
రెండు విడతలుగా. అక్కడ పబ్లిక్ పరీక్ష జూన్‌లో, ఫలితాలు జులైలో. గింజల జోకు మే నెలలో ఒట్టి శుభాకాంక్షగా వదలండి, అప్లికేషన్ లింకు వద్దు. పుస్తకాల్లో మునిగినవాళ్లకు అప్పుడు ఫారమ్ చూపిస్తే చిరాకు. పక్కింటి పిల్లాడి వీడియో ఫలితాలు వచ్చిన వారం తర్వాత, లింకుతో. ఫిబ్రవరి బ్యాచికి అది సరిగ్గా సరిపోతుంది. ఆ వీడియోలో అరటిపండు అసలు కనిపించకూడదు, నిజంగా జారినవాళ్లు కూడా చూస్తుంటారు.

పిల్లలకు టిక్‌టాక్, ఫేస్‌బుక్. అమ్మానాన్నలకు అంకెలున్న పోస్టరు జాలోలో (వాళ్ల వాట్సాప్ లాంటిది). లైవ్ పెడితే వాళ్ల రాత్రి 8 మీకు శీతాకాలంలో 11, అక్టోబరు నుంచి 12. ఆదివారం వాళ్ల మధ్యాహ్నం పెట్టుకోండి. 2027లో టెట్ పండుగ (వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం) ఫిబ్రవరి 6న, ఓరియెంటేషన్ తేదీ దాని తర్వాతైతే ఆ సంగతి పోస్టరు పైవరసలోనే రాయండి. పండుగ ఇంట్లో చేసుకుని రావచ్చని తెలిస్తే అమ్మలు సగం ఒప్పుకుంటారు.