స్కాట్లాండ్ చలికాలం: విటమిన్ డి మాత్ర ఉండగా లైట్ థెరపీ దీపం దండగా?

గ్లాస్గో_కుర్రాడు: డిసెంబరులో ఇక్కడ ఎనిమిదీ ముప్పావుకి తెల్లారుతుంది, మూడూ ముప్పావుకే పొద్దు గూకుతుంది. రోజూ విటమిన్ డి వేసుకుంటున్నా పొద్దున లేవబుద్ధి కావడం లేదు, పని మీద ధ్యాస ఉండటం లేదు. రూమ్మేటేమో లైట్ థెరపీ దీపం, అదే పగటి వెలుతురులా బాగా ప్రకాశవంతంగా వెలిగే కరెంటు దీపం, కొనమంటున్నాడు. కొనమంటారా?

అబర్డీన్_అక్క: వద్దు తమ్ముడూ. దీపం ఎంతవరకు పనిచేస్తుందన్న దానిపై ఆధారాలు అటూ ఇటూగా ఉన్నాయని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్సే చెబుతోంది. మాత్ర మాత్రం మానకు. రోజుకు 10 మైక్రోగ్రాములు, మన ఒంటి రంగు వాళ్లయితే ఏడాది పొడవునా వేసుకోవడం మంచిది. మధ్యాహ్నం కాస్త బయట నడువు.

లీత్_వాసి: అక్కా, మీరు రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. మాత్ర ఎముకలకి, కండరాలకి. ఈ అబ్బాయి బాధ నిద్ర, దిగులు. వాటికి కంట్లో పడే వెలుతురు కావాలి, మెదడు పగలూ రాత్రీ లెక్క చూసుకునేది దానితోనే. చలికాలపు దిగులుకి నార్మన్ రోసెన్‌తాల్ అనే మానసిక వైద్యుడి బృందం 1984లోనే పేరు పెట్టి (సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్), వెలుతురుతో వైద్యం చేసి చూసింది. 10,000 లక్స్ (వెలుతురు తీవ్రతకి కొలత) దీపం, లేవగానే అరగంట. నేను టిఫిన్ ప్లేటు పక్కన కొంచెం ఓరగా పెట్టుకుంటాను, సూటిగా చూడను. అందులో అతినీలలోహిత కిరణాలు రాకుండా ఫిల్టర్ ఉంటుంది కాబట్టి దానితో విటమిన్ డి రాదు. అందుకే మాత్ర మాననక్కర్లేదు.

అబర్డీన్_అక్క: వెలుతురే కావాలంటే బయట ఊరికే వస్తోంది కదా! ఎంత మబ్బు పట్టినా మధ్యాహ్నం బయటి వెలుతురు ఆఫీసు ట్యూబులైట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనవాళ్లు సీటు దగ్గరే లంచ్ బాక్సు తెరిచి, కిటికీ బ్లైండ్ కూడా ఎత్తరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

లీత్_వాసి: బ్లైండ్ సంగతి ఒప్పుకుంటా. కానీ లేవలేనివాడికి వెలుతురు కావాల్సింది పొద్దున. ఏడున్నరకే బస్సెక్కేవాడికి ఆకాశంలో అది ఎక్కడుంది?

ఫార్మసీ_డ్యూటీ: కొనేముందు ఒక్క మాట. కంటి జబ్బున్నా, బైపోలార్ (దిగులు, అతి ఉద్రేకం మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు) ఉన్నా డాక్టర్ని అడగకుండా దీపం ముందు కూర్చోవద్దు. బైపోలార్ ఉన్నవాళ్లలో ఉద్రేకం మితిమీరే ప్రమాదం ఉంది. తమ్ముడూ, పని మీద కూడా ధ్యాస లేదంటున్నావు. అది రెండు వారాలు దాటి ఉంటే ఏ దీపం కొనాలన్నది తర్వాత చూద్దువుగాని, ముందు జీపీ (మీ పేటలోని ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ తీసుకో.