అప్‌డేట్: 32 సెకన్లకు తెగిపోతున్న కాల్స్ సమస్య తీరింది

ఫ్రాంక్‌ఫర్ట్ కార్యాలయం నుంచి విశాఖపట్నంలో రుషికొండపై ఉన్న మా సపోర్ట్ కేంద్రానికి వచ్చే కాల్స్, ఇరువైపులా మాట స్పష్టంగా వినిపిస్తూనే, సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతున్నాయని గతంలో అడిగాను. లైన్ నాణ్యతను కాక సిగ్నలింగ్‌ను (కాల్‌ను కలిపే, ముగించే సందేశాల మార్పిడిని) పరిశీలించమని అప్పుడు వచ్చిన సలహాయే సరైనదని తేలింది.

ప్యాకెట్ క్యాప్చర్ (నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాల నమోదు) చూస్తే, మా ఫోన్ ఎత్తగానే అది పంపిన '200 ఓకే' (కాల్ అందుకున్నామనే) సందేశం అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు, ఆపై నాలుగేసి సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ వెళుతూ కనిపించింది; దానికి అవతలి నుంచి రావలసిన 'ఏసీకే' (అందిందనే జవాబు) మాత్రం ఒక్కటీ చేరలేదు. ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే, ముగించే పద్ధతిని నిర్ణయించే సిప్ ప్రమాణంలో మూల వ్యవధి 500 మిల్లీసెకన్లు కాగా, దానికి 64 రెట్లు, అంటే 32 సెకన్లు ఎదురుచూసి మా ఫోనే కాల్‌ను ముగిస్తోంది. ఫైర్‌వాల్‌లో సిప్ సందేశాల్లోని చిరునామాలను మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం, '200 ఓకే'లోని కాంటాక్ట్ చిరునామాను (జవాబు పంపవలసిన చిరునామాను) తప్పుగా మార్చడంతో ఏసీకే వేరే చోటికి పోతోంది. చిరునామాల పని నెట్‌వర్క్ సరిహద్దులో కాల్స్‌ను నియంత్రించే సెషన్ బోర్డర్ కంట్రోలర్ ఎలాగూ చూసుకుంటుంది కనుక ఏఎల్‌జీని ఆపించాము. (నిజానికి కారణం పట్టుకోవడం కంటే, ఆ మార్పునకు వేర్వేరు దేశాల్లోని బృందాల అనుమతి సంపాదించడమే పెద్ద పని అయింది.)

ఇప్పుడు గంటసేపు సాగే కాల్స్ కూడా నిలుస్తున్నాయి. అయితే మా రెండో నెట్‌వర్క్ లింకుపై వాయిస్ ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇవ్వాలని సూచించే డీఎస్‌సీపీ 46 గుర్తు దారిలో చెరిగిపోతోంది. దానిని సర్వీస్ ప్రొవైడర్‌తో తేల్చుకోవలసి ఉంది.