విశాఖ చలికాలం: చుట్టాలకి ఈసారి కొత్తగా ఏం చూపించాలి?

డిసెంబరు 27 నుంచి 29 వరకు హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ, అన్నయ్యవాళ్ళు వస్తున్నారు. పిల్లలకి తొమ్మిదేళ్ళు, పదమూడేళ్ళు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు, యాభై మెట్లు దాటితే కష్టం.

సబ్‌మెరైన్, కైలాసగిరి, అరకు, బొర్రా గుహలు పోయినసారే అయిపోయాయి. లంబసింగి అంటే తెల్లారేసరికి అక్కడుండాలి, అంటే అర్ధరాత్రి ప్రయాణం. పెద్దావిడతో కుదరదు.

ముందే చూసి ఉంచుదామని గత ఆదివారం మంగమారిపేట దగ్గర సముద్రపు రాతి తోరణానికి వెళ్ళాను. తొమ్మిదింటికి సరిగ్గా పోటు మీదుంది, దగ్గరికి కూడా పోలేకపోయాను. ఆటుపోట్ల టైము చూసుకోకుండా బయల్దేరడం నా తప్పే. ఎర్రమట్టి దిబ్బలు బాగున్నాయి గానీ ఇసకలో ఆవిడ నడవలేరు.

ఒక్కటి మాత్రం కుదిరింది: తెల్లవారుజామున అయిదింటికి ఫిషింగ్ హార్బర్. మంచులో పడవల దీపాలు, ఐసు ముక్కలు కాళ్ళ కింద కరకరమంటుంటే వంజరం చేపల కుప్ప చుట్టూ మూగి వేలం పాట. పాట పాడే ఆవిడ గొంతు ముందు మైకు దండగ. తొట్టిలోంచి తప్పించుకున్న పీత ఒకటి నా చెప్పు మీదకే ఎక్కింది! పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఒక పొద్దు అలా గడిచిపోతుంది.

మిగిలింది సాయంత్రాలు. బీచ్‌రోడ్డు మీద ముంత మసాలా తిని ఇంటికి రావడం తప్ప నాకేం తోచట్లేదు. సాయంత్రం ఆరు తర్వాత, ఊరికి ముప్ఫై కిలోమీటర్ల లోపు, మెట్లు ఎక్కక్కర్లేకుండా, మామూలుగా ఎవరూ చూపించనిది మీరైతే ఎక్కడికి తీసుకెళ్తారండీ?