సైకోసిస్ అని రాసే ముందు అందరికీ వెన్నునీరు పరీక్ష చేయాలా?

చెల్లి కోసం: డిగ్రీ చదువుతున్న మా చెల్లి ఉన్నట్టుండి నిద్ర మానేసింది. ఎవరో చంపడానికి వస్తున్నారని వణికిపోయేది. సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు నమ్మే మానసిక స్థితి అని మందులిచ్చారు. తర్వాత ఫిట్స్ వచ్చాయి, నోరు, నాలుక వాటంతటవే కదలడం మొదలైంది. చివరికి వెన్నునీరు పరీక్షిస్తే యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. ఒంట్లోని యాంటీబాడీలే మెదడు మీద దాడి చేసే జబ్బు. మూలం అండాశయంలోని టెరటోమా గడ్డ. దాన్ని తీసేసి స్టెరాయిడ్లు ఇచ్చాక ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ఈ జబ్బుకు 2007లోనే పేరు పెట్టారు. మరి మొదటిసారి సైకోసిస్‌తో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష ఎందుకు చేయరు?

సైకియాట్రీ పీజీ: మీ కోపం న్యాయమేనండీ. అయినా అందరికీ వెన్నులో సూది అంటే ఒప్పుకోను. సైకోసిస్‌తో వచ్చేవాళ్లలో ఈ జబ్బు ఉండేది చాలా కొద్దిమందికే. పోనీ రక్తంలో చూద్దామంటే, జబ్బు లేనివాళ్లకూ పాజిటివ్ రావచ్చు. అది నమ్మి స్టెరాయిడ్లు ఇస్తే, వాటివల్లే మతి చలించే ప్రమాదం ఉంది. థైరాయిడ్, షుగర్, సోడియం, బీ12 అందరికీ చూడాల్సిందే. వెన్నునీరు మాత్రం గుర్తుల్ని బట్టి: కొద్ది రోజుల్లోనే ముదరడం, జ్వరం, ఫిట్స్, అయోమయం, మాట తగ్గిపోవడం, బీపీ, నాడి ఎగుడుదిగుడవడం, మందు వేశాక ఒళ్లు కొయ్యబారడం. ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

పాత పేజీలు: "కొద్దిమందికే" అని సరిపెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఒకప్పుడు మానసిక ఆసుపత్రుల్లో పక్షవాతంతో, మతిభ్రమతో చనిపోయేవాళ్లు ఎందరో. 1913లో నొగుచి, మూర్ అలాంటివాళ్ల మెదడులో సిఫిలిస్ క్రిమిని చూపించారు. వెతికారు కాబట్టే దొరికింది.

గుండెదడ: నాకు జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. గుండెదడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానన్న భయం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, మళ్లీ ఎకో. ప్రతిసారీ "అన్నీ నార్మల్, మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అనేవారు. అది పానిక్ డిజార్డర్ అని, దానికి థెరపీ, మందులు ఉన్నాయని ఏళ్లపాటు ఎవరూ చెప్పలేదు. పరీక్షలు పెంచితే నాలాంటివాళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటారు.

చెల్లి కోసం: పీజీ గారూ, మాట తగ్గడం మా చెల్లికి మొదట్లోనే ఉంది. మేం చెప్పాం, ఎవరూ రాసుకోలేదు. చూసే డాక్టర్‌కు ఆ గుర్తులు తట్టకపోతే? అందుకే రూల్ ఉండాలంటున్నాను.

సైకియాట్రీ పీజీ: రాసుకోకపోవడం ముమ్మాటికీ తప్పు. మాట ఆగి, పెట్టిన భంగిమలోనే ఉండిపోతే కాటటోనియా కావచ్చు. లొరాజెపామ్ అనే మందు ఇస్తే చాలామందిలో త్వరగానే తేడా తెలుస్తుంది. అది గమనించకుండా సైకోసిస్ మందు పెంచుకుంటూ పోతే ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లోవాళ్లు చెప్పింది కేస్ షీట్‌లో ఎక్కాలి, మందు పనిచేయకపోతే డయాగ్నసిస్‌ను మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఈ రూల్ పెట్టండి, సంతకం చేస్తాను.

చెల్లి కోసం: కనీసం ఈఈజీ, అదే తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్ష? సూది లేదు, నొప్పి లేదు.

సైకియాట్రీ పీజీ: దానికి సరే. ఈ జబ్బున్న చాలామందిలో ఈఈజీ తేడాగానే వస్తుంది. నార్మల్ వచ్చిందని మాత్రం అనుమానం వదిలేయకూడదు.